సెలవులలో ప్రోగ్రామింగు సాధన

సెలవులలో కంప్యూటరు దొరకదని, నేర్చిన ప్రోగ్రామింగు మరచిపోవుదుమని కొందరు విద్యార్థులు మాతో చెప్పుచుందురు. యంత్రము లేకున్నను సాధన సాగునని మేము చెప్పుదుము. 1883లో ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్ ల్యూకా ప్రకటించిన హనోయి గోపురపు ఆట ఇందుకు తగినది.

నేలపై మూడు గడులు గీసి, మొదటి గడిలో మూడు అట్టబిళ్లలను పెద్దది అడుగున, చిన్నది పైన ఉండునట్లు పేర్చుడు. మారునకు ఒక్క బిళ్లనే కదల్పవలెను. చిన్నదానిపై పెద్దదానిని ఉంచరాదు. అన్నియు మూడవ గడిని చేరుటకు 7 ఎత్తులు చాలును. నాలుగు బిళ్లలకు 15, అయిదింటికి 31. బిళ్ల యొకటి పెరిగినప్పుడెల్ల మునుపటి సంఖ్య రెట్టింపై, ఒకటి కూడును.

పిదప ఎత్తులను వరుసగా వ్రాసి, తమ్మునికో చెల్లెలికో ఇచ్చి, నోరు మెదపక చూడుడు. వారు తడబడినచో వారిని కసరక మీ వ్రాతను దిద్దుకొనుడు. యంత్రము మనము తలచినది చేయదు, వ్రాసినదే చేయును.