పాదం ఒప్పుకుంటేనే హుందాతనం

ఉదయం కౌంటర్ దగ్గర అదే సందేహం నాలుగుసార్లు అడిగినా నవ్వుతూ చెప్పిన మనిషి, మధ్యాహ్నం మూడు దాటాక రెండోసారి అడిగితేనే విసుక్కుంటాడు. దానికి మనం అలసట అని, పని ఒత్తిడి అని పేర్లు పెడతాం. కొందరైతే "నా స్వభావమే అంత" అని తీర్పు కూడా చెప్పేసుకుంటారు. కోపం తగ్గించుకోవడానికి పుస్తకాలు కొంటారు, శిబిరాలకు వెళతారు. కిందికి మాత్రం చూడరు. చిటికెనవేలు నలిగిపోతూ, మడమ మండుతూ ఉంటే పొద్దుటి నుంచీ తన బూట్లనే ఓర్చుకుంటున్న మనిషికి, ఎదుటివాణ్ని ఓర్చుకునే శక్తి ఎక్కడ మిగులుతుంది?

ఇది అనుభవం మీద చెబుతున్న మాట. ఇంటర్ విద్యార్థులకు ఏళ్ల తరబడి నిలబడి పాఠాలు చెప్పాను. టక్కు, టై, నల్ల బూట్లు అక్కడ నిబంధన. వట్టి కాళ్లతో పొలం గట్ల మీద తిరిగి పెరిగిన నా పాదాలు ముందువైపు బాగా వెడల్పు. షాపులో ఏ జత తొడిగినా పక్కలు పట్టేసేవి. "వాడుతుంటే వదులవుతాయి సార్" అనేవారు. కొన్నాళ్లకు పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. డాక్టరు దాన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అన్నారు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలిని పట్టి ఉంచే గట్టి పొర దెబ్బతినడం అది. నిజం చెప్పాలంటే, ఆ నొప్పి కన్నా సిగ్గే నన్ను ఎక్కువ బాధపెట్టింది. స్టాఫ్ రూములో అందరి బూట్లూ సన్నగా, కోసుగా ఉంటే నా పాదాలే వికారమేమో అనుకునేవాణ్ని. ఎవరితోనూ చెప్పుకోలేకపోయేవాణ్ని.

మీలో చాలామంది ఇప్పటికీ అదే సిగ్గుతో ఉన్నారని నాకు తెలుసు. అందుకే ముందుగా ఒక సంగతి వినండి. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021-22లో దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలను కొలిచింది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కన్నా వెడల్పని తేల్చి, మనకు తగిన కొలతల పద్ధతి ఒకటి ప్రతిపాదించి దానికి 'భ' అని పేరు పెట్టింది. మన షాపుల్లో నడుస్తున్నవి ఇప్పటికీ ఎక్కువగా బ్రిటిష్ నంబర్లే. దక్షిణాదిలో వట్టి కాళ్లతో నడిచేవాళ్లను బెల్జియం పరిశోధకులు పరీక్షించినప్పుడు, ఆ పాదాలు వెడల్పుగా ఉండి బరువును సమంగా పంచుకుంటున్నాయని తేలింది. అంటే నేను సిగ్గుపడింది పాదం చక్కగా పనిచేసే తీరును చూసి! వికారం పాదంలో లేదు, దానికి సరిపోని అచ్చులో ఉంది.

షాపులో సిగ్గుపడొద్దు

"ఎనిమిదో నంబరు, నలుపు" అని అడిగి, కూర్చునే తొడుక్కుని, డబ్బా చంకన పెట్టుకుని వచ్చేస్తారు. రోజుకు పది గంటలు మోసే వస్తువుకు ఐదు నిమిషాలా? చొక్కా గుడ్డకు దర్జీ దగ్గర పెట్టే ఓపికలో సగమైనా పెట్టండి.

బూట్లు సాయంత్రం కొనాలి. రోజంతా తిరిగాక పాదం కొద్దిగా ఉబ్బుతుంది. ఉద్యోగానికి వెళ్లేది ఆ పాదమే కాబట్టి ఆ కొలతే కావాలి. కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీయించుకుని, కత్తిరించి షాపుకు పట్టుకెళ్లండి. ఆ కాగితాన్ని బూటు అడుగున ఆనించినప్పుడు అంచులు బయటికి వస్తే, ఎంత ముద్దొచ్చినా ఆ జత పక్కన పెట్టేయండి. వెడల్పు కోసమని ఒక నంబరు పెంచి కొనేవాళ్లున్నారు. బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగితే పొడవు దాదాపు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అప్పుడు బూటు వంగే చోటు, పాదం వంగే చోటు వేరైపోతాయి. మడమ జారుతుంది, చెప్పు కరుస్తుంది. అడగాల్సింది పొడవు కాదు, వెడల్పు.

ఇక అందం సంగతి. ఫార్మల్ బూట్లలో ప్రధానంగా రెండు రకాలు. ఆక్స్‌ఫర్డ్‌లో లేసులు వేసే రెక్కలు ముందు తోలు కింద కుట్టేసి ఉంటాయి. డెర్బీలో ఆ రెక్కలు పైన విడిగా ఉంటాయి, కావలసినంత తెరుచుకుంటాయి. మీగాలు ఎత్తుగా ఉన్నవాళ్లకు, సాయంత్రానికి పాదాలు ఉబ్బేవాళ్లకు డెర్బీ వరం. నలుపులోనో ముదురు గోధుమ రంగులోనో, ముందు భాగం గుండ్రంగా, పైన నగిషీ లేని డెర్బీ ఒకటి తీసుకోండి. బ్యాంకుకూ పనికొస్తుంది, కోర్టుకూ పనికొస్తుంది, పెళ్లి రిసెప్షన్‌కూ పనికొస్తుంది. కోసు ముక్కులో హుందాతనం లేదు. కుంటకుండా నడిచే నడకలో ఉంది. దాన్ని ఎదుటివాళ్లు మీ బూట్ల కన్నా ముందు చూస్తారు.

రాత్రి పది నిమిషాలు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే, ఇదే గుర్తుపెట్టుకోండి. ఇంటికి రాగానే బూట్లు ఒక మూలకు తన్నేసి టీవీ ముందు కూలబడే అలవాటు ఈ రాత్రితో మానేయండి. పది నిమిషాలు పాదాలకూ బూట్లకూ ఇవ్వండి.

కూర్చుని లేసులు పూర్తిగా విప్పండి. ఒక కాలి మునివేళ్లతో రెండో మడమను తొక్కి లాగేస్తే వెనకాల ఉండే గట్టి అట్ట విరిగిపోతుంది. ఒకసారి అది మెత్తబడితే మడమకు పట్టు ఉండదు. బూట్లను పొడిగుడ్డతో తుడవండి. లోపలి అట్ట ఊడివచ్చేదైతే తీసి బయట పెట్టండి. పాత న్యూస్‌పేపరు ఉండలు చుట్టి ముందు భాగంలోకి కూరండి. అది తేమ పీలుస్తుంది, ముడతలు సాగదీస్తుంది. ఎండలో మాత్రం పెట్టొద్దు, తోలు పగులుతుంది. గాలి ఆడే నీడ చాలు.

మర్నాడు ఆ జత తొడగకండి. ఇదే దీనికి ప్రాణం. రెండు పాదాల్లో కలిపి లక్షకు పైనే చెమట గ్రంథులుంటాయి. పది గంటలు పీల్చిన చెమట ఒక్క రాత్రిలో ఆరిపోదు. తడి తోలులోకి మళ్లీ పాదం పెడితే అది సాగిపోతుంది, వాసన వస్తుంది, వేళ్ల సందుల్లో పాస్తుంది. "ఒక్క జతకే దిక్కు లేదు, రెండు జతలా?" అంటారు. ఆ పరిస్థితి నాకూ తెలుసు. కానీ ఆరువేల జత ఒకటి రోజూ తొడిగే బదులు మూడువేల జతలు రెండు మార్చి మార్చి తొడగండి. పెట్టుబడి అంతే, రెండింటికీ ఆయుష్షు పెరుగుతుంది.

తర్వాత పాదాలు కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచి, వెలుతురులో చూడండి. నిజంగా చూడండి. చిటికెనవేలి పక్కన ఎర్రగా ఉంటే బూటు ఇరుకు. మడమ వెనక పొక్కు వస్తే బూటు జారుతోంది. బొటనవేలి గోరు నల్లబడితే పొడవు చాలడం లేదు. వేళ్ల మొదట్లో ఆనెకాయ కడుతుంటే ఒత్తిడంతా అక్కడే పడుతోంది. షుగరు ఉన్నవాళ్లు ఈ పని ఒక్క రాత్రి కూడా మానకూడదు. స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడ్డా నొప్పి తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

చివరగా ఒక నీళ్ల సీసాను అరికాలి కింద ముందుకూ వెనక్కూ దొర్లించండి. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు తగిలేలా పిక్కను సాగదీయండి. నా మడమ నొప్పి తగ్గింది ఇలాగే, అదీ నెలల మీద. పరీక్షల సీజనులో క్లాసులు పెరిగితే ఇప్పటికీ పలకరిస్తుంది. అప్పుడు నిరాశ కమ్ముకుంటుంది, నా వల్ల కాదనిపిస్తుంది. అయినా ఆ రాత్రి కూడా సీసా తీస్తాను.

గుంటూరులో మెడికల్ రెప్‌గా చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేసి, "సార్, డాక్టర్ల రూముల ముందు నిలబడలేకపోతున్నాను, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా" అన్నాడు. "ఉద్యోగం సంగతి తర్వాత, ముందు నీ కాళ్లు ఫోటో తీసి పంపరా" అన్నాను. రెండు చిటికెనవేళ్లూ కాయలు కాసి ఉన్నాయి. వాడు వెడల్పు డెర్బీకి మారాడు, రాత్రి పది నిమిషాలు మొదలుపెట్టాడు. టార్గెట్లు ఇంకా కష్టంగానే ఉన్నాయట. కానీ ఉద్యోగం మానేసే మాట మళ్లీ ఎత్తలేదు.

మిగతావి గబగబా

సాక్సులు రోజూ మార్చండి, చిరిగినవి పారేయండి. కొత్త జతను మొదటి వారం ఇంట్లో గంటసేపు తొడిగి నడవండి. షూహార్న్ లేకపోతే చెంచా కాడ వాడండి. వారానికోసారి క్రీమ్ పాలిష్ పట్టించి, కాసేపు ఆగి బ్రష్ కొట్టండి. మడమ అరుగుదల మొదలవగానే మోచీ దగ్గరికి వెళ్లండి, రంధ్రం పడేదాకా ఆగకండి. పెళ్లికి కొన్న జత డబ్బాలో ఏళ్ల తరబడి దాచకండి. పాలీయురేథేన్ సోల్ గాలిలోని తేమకు లోపల్లోపలే చెడి, తొడిగిన రోజున పొడిపొడిగా రాలుతుంది. మెత్తటి ఇన్‌సోల్ వేసుకుంటే దాని మందం కలిపి సైజు చూసుకోండి. నొప్పి వారాల తరబడి ఉంటే డాక్టర్‌కు చూపించండి.

యజమానులకూ ఒక మాట. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో చేర్చాయి. బూట్లు మెరవాలని సేల్స్‌మన్‌ను నిలదీసే ముందు అతని వెనక ఒక కుర్చీ వేయండి.

ఇక కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న తమ్ముళ్లారా! మొదటి జీతంతో వాచీ కొనకండి, రెండో జత బూట్లు కొనండి. పదిమందిలో నిలబడి మాట్లాడాలని తపిస్తున్నారు కదా, ముందు నిలబడగలగాలి. ఈ రాత్రే మొదలుపెట్టండి. మధ్యలో వారం మానేస్తే మిమ్మల్ని మీరు తిట్టుకుంటూ కూర్చోకండి, ఎనిమిదో రాత్రి మళ్లీ లేసులు విప్పండి. నొప్పిని ఓర్చుకోవడమే మగతనమని మీకు ఎవరు నేర్పారో గానీ, అది తప్పు. నొప్పి ఎక్కడుందో చూసి, దాన్ని సరిచేసుకున్నవాడే ఎదిగినవాడు.