నేల, నీటి పరీక్షా ప్రయోగశాలలకు యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఎంపిక

స్పెక్ట్రోఫోటోమీటర్ కొనుగోలుకు ముందు పరిశీలించవలసింది కంపెనీల ధరల పట్టిక కాదు, ప్రయోగశాలలో జరిగే పరీక్షల జాబితా. తటస్థ, క్షార నేలల్లో లభ్య భాస్వరాన్ని ఓల్సెన్ పద్ధతిలో నిర్ధారించేటప్పుడు ఆస్కార్బిక్ ఆమ్లంతో ఏర్పడిన నీలిరంగును 882 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. అజోమిథిన్-హెచ్‌తో బోరాన్‌ను, బేరియం క్లోరైడ్‌తో గంధకాన్ని 420 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. ఇవేవీ అతినీలలోహిత పరిధిలోనివి కావు. ఈ పరీక్షలకే పరిమితమైన కేంద్రానికి 900 నానోమీటర్ల వరకు పనిచేసే దృశ్యకాంతి పరికరం సరిపోతుంది.

సాగునీటిలో నైట్రేట్‌ను 220 నానోమీటర్ల వద్ద నేరుగా కొలవాలంటే మాత్రం డ్యుటీరియం దీపం వంటి అతినీలలోహిత కాంతి మూలం, క్వార్ట్జ్ కువెట్లు తప్పనిసరి. సాధారణ గాజు ఆ కాంతిని పీల్చుకుంటుంది. సేంద్రియ పదార్థం కూడా 220 వద్ద కాంతిని శోషిస్తుంది కాబట్టి, 275 వద్ద వచ్చిన విలువకు రెట్టింపును తీసివేయాలి. ఈ సవరణ 220 వద్ద విలువలో 10 శాతం మించితే ఈ పద్ధతిని వాడరాదు. ఖైరతాబాద్‌ను ఆనుకొని ఉన్న హుస్సేన్‌సాగర్ నీటికి, మురుగు కలిసిన మూసీ దిగువ సాగునీటికి ఈ హెచ్చరిక ముఖ్యంగా వర్తిస్తుంది. అటువంటి నమూనాలకు ఖరీదైన యూవీ పరికరం ఉన్నా వేరే పద్ధతినే ఆశ్రయించాలి.

పరికరం నాణ్యతను నిర్ణయించే అంశాలు ప్రధానంగా రెండు. మొదటిది దారితప్పిన కాంతి. నిజమైన శోషణ 2.0 ఉన్నప్పుడు ఒక శాతం కాంతి దారితప్పితే పరికరం సుమారు 1.70 మాత్రమే చూపుతుంది. గాఢ నమూనాలో పోషకం తక్కువగా నమోదై, రైతుకు అవసరానికి మించిన ఎరువును సిఫారసు చేసే ప్రమాదం ఏర్పడుతుంది. శోషణ 1.0 దాటిన ద్రావణాన్ని పలుచన చేసి మళ్లీ కొలవడం క్షేమం. రెండవది వర్ణపట పట్టీ వెడల్పు. ఆర్నన్ పద్ధతిలో (1949) పత్రహరితాన్ని 645, 663 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. ఆ శిఖరాలు సన్ననివి కావడంతో వెడల్పు 2 నానోమీటర్లకు మించరాదు.

పరికరాన్ని స్వీకరించే రోజునే హోల్మియం ఆక్సైడ్ ఫిల్టర్‌తో తరంగదైర్ఘ్యాన్ని, పొటాషియం డైక్రోమేట్‌తో శోషణను, పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో 198 నానోమీటర్ల వద్ద దారితప్పిన కాంతిని పరీక్షించాలి. ఈ షరతులను, దీపాల లభ్యతను, స్థానిక మరమ్మతు సేవను టెండరులోనే పేర్కొనాలి. తొలినాటి విలువలను భద్రపరచి, ఆపై జరిపే ప్రతి తనిఖీని వాటితో పోల్చినప్పుడే నేల ఆరోగ్య పత్రంలోని అంకె నమ్మదగినదవుతుంది.