గాజులోని రంగు, గాజు మీది రంగు



కొత్త గుడి కట్టినా, పాతది బాగుచేసినా "కిటికీలకు రంగుటద్దాలు పెట్టిద్దాం" అనే మాట విచారణ పెద్దల మధ్య వస్తుంది. ఆ సొమ్ము కూలినాలి చేసుకొనే విశ్వాసుల కానుక. కనుక ఏమి కొంటున్నామో తెలిసి కొనాలి.

మన పెడన కలంకారీ బట్టను చూడండి. ఉతికినా రంగు నిలుస్తుంది. కరక్కాయ, పటిక ఆ రంగును నూలుపోగుకే పట్టిస్తాయి. అసలైన రంగుటద్దం కూడా అంతే. ఇసుక, సోడా, సున్నం కొలిమిలో కరిగేటప్పుడే లోహాల ఆక్సైడ్లు కలుపుతారు. కోబాల్టు నీలాన్ని, మాంగనీసు ఊదారంగును, రాగి ఆకుపచ్చను లేదా ఎరుపును, బంగారం కెంపు రంగును ఇస్తాయి. రంగు గాజు మీద కాదు, గాజులోనే ఉంటుంది.

పని జరిగే తీరు ఇది. ముందుగా కిటికీ అంత చిత్రం కాగితంపై గీసి, దాని ప్రకారం గాజు ముక్కలు కోస్తారు. ముఖం, వేళ్లు, వస్త్రపు మడతలు గాజుపొడి కలిపిన నల్లరంగుతో గీసి, సుమారు 600 డిగ్రీలకు పైబడిన వేడిలో కాలుస్తారు. అప్పుడు గీత గాజుతో ఏకమవుతుంది. తరువాత ముక్కలను సీసపు పట్టీల మధ్య కూర్చి, అతుకుల వద్ద టంకం వేసి, సందులలో లప్పం నింపుతారు.

ఈ కళకు ప్రాణం వెనుక నుండి వచ్చే వెలుతురు. తోలుబొమ్మలాటలో తెర వెనుక దీపం ఆరితే రాముడూ లేడు, రావణుడూ లేడు. ఇక్కడ ఆ దీపం సూర్యుడే.

తెలుగునాట దీనిని కళ్లారా చూడాలంటే మెదక్ వెళ్లండి. సి.ఎస్.ఐ. సోదరుల ఆ మహాదేవాలయాన్ని మెతడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు రోజుల్లో పేదలకు పని కల్పిస్తూ కట్టించారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠించబడింది. అక్కడి మూడు పెద్ద కిటికీలలో క్రీస్తు జననం, సిలువ మరణం, మోక్షారోహణం దర్శనమిస్తాయి. వాటి చిత్రకారుడు ఆంగ్లేయుడైన ఫ్రాంక్ సాలిస్‌బరీ (1874–1962). బాల్యంలో అన్నగారి రంగుటద్దాల కర్మాగారంలోనే ఆయన పని నేర్చుకున్నారు. పగటిపూటే వెళ్లండి. పొద్దు గుంకితే లోపల ఎన్ని దీపాలు వెలిగించినా ఆ బొమ్మలు కానరావు.

బజారులో రంగుటద్దాల పేరుతో మరి రెండు రకాలు కూడా దొరుకుతాయి: సాదా అద్దంపై కాల్చని రంగు పూసినవి, ప్లాస్టిక్ పొర అతికించినవి. ఎండకు మొదటివి వెలుస్తాయి, రెండవ వాటి అంచులు లేస్తాయి. కొనేముందు మూలన గోటితో గీకి చూడండి. కాల్చిన గీత రాదు, పూసిన రంగు రాలుతుంది.

మనది తుఫానుల సీమ. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మరువలేము. సీసం మెత్తని లోహం, పెనుగాలికి పలక ఉబ్బుతుంది. అందుచేత లోపల అడ్డకమ్మీలు, బయట మరొక గట్టి అద్దం, రెంటి మధ్య గాలి ఆడే సందు ఉండాలి. సీసపు కూర్పులో ఒక మేలుంది: పగిలిన ముక్కను విప్పి మార్చుకోవచ్చు. 1939లో యుద్ధభయంతో ఫ్రాన్సులోని షార్ట్ర్ దేవాలయపు కిటికీలను విప్పి దాచి, యుద్ధం ముగిశాక తిరిగి అమర్చారు.

సొమ్ము చాలదా? బలిపీఠం చెంత ఒక్క చిన్న కిటికీకి అసలైన పని చేయించండి. మిగిలిన వాటికి సాదా అద్దాలు పెట్టండి. సాదా అద్దంలోంచి వచ్చే వెలుగు కూడా దేవుడిచ్చినదే కదా!