మడమకు కట్టు లేని ఆట

పోర్స్‌గ్రున్, నార్వే,
ఫిబ్రవరి మూడో వారం.

చిరంజీవి అమ్మలుకు మీ అత్త ఆశీస్సులతో రాయునది.

మీ మావయ్యకి మోకాలి నొప్పి తగ్గింది, మళ్ళీ వాకిట్లో మంచు ఎత్తే పార పట్టుకున్నాడు. నీ మెసేజ్ చదివాను. వాస్‌ఫ్యెల్లెట్ కొండ దగ్గర లిఫ్టు మీద పైకి వెళ్తుంటే కింద ఎవరో పెద్దావిడ స్కీల మీద ఒక్కో మలుపు దగ్గరా మోకాళ్ళు వంచి కిందికి కుంగుతూ, లేస్తూ దిగిపోవడం చూశానని, అది కళ్ళల్లోంచి పోవడం లేదని, నేర్చుకోవాలనుందని రాశావు. అదే రోజు రాత్రి మీ నాన్న ఫోను. "చదువుకోమని ట్రోండ్‌హైమ్ పంపిస్తే కొండలంటోంది, నువ్వైనా చెప్పక్కా" అన్నాడు. తమ్ముడికి నేను చెప్పుకుంటాలే. నీకు మాత్రం ఫోనులో చెబితే సగం ఈ చెవిన పడి ఆ చెవిన పోతుందని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ముందుగా ఒకటి తెలుసుకో. నువ్వు చూసిన ఆ దిగుడు పేరు టెలిమార్క్. అది ఈ రోజుల్లో ఎవరికీ అవసరమైన విద్య కాదు. మంచుకొండ దిగడానికి, మడమను స్కీకి బిగించేసుకునే ఆల్పైన్ పద్ధతి ఉంది. అది తొందరగా పట్టుబడుతుంది, గట్టి మంచు మీద నిలకడగా ఉంటుంది, తొడలు ఇంతగా పీకవు. సొంతకాళ్ళ మీద కొండ ఎక్కి దిగాలన్నా, ఎక్కేటప్పుడు మడమ వదిలి దిగేటప్పుడు బిగించే తేలికపాటి బైండింగులు ఇప్పుడు ఉన్నాయి. ఇన్ని ఉండగా మడమ వదిలేసే దిగుతామనేవాళ్ళు ఆ మలుపులో ఉన్న సుఖం కోసమే దిగుతారు. నువ్వూ అందుకోసమైతేనే మొదలుపెట్టు. నలుగురిలో వేరుగా కనిపించాలని మొదలుపెట్టినవాళ్ళని చూశాను. రెండో చలికాలానికల్లా వాళ్ళ స్కీలు గరాజ్ గోడకి చేరతాయి.

ఆ మలుపు ఎలా పనిచేస్తుందో చెబుతాను. బూటు ముందుభాగం మాత్రమే స్కీకి అంటి ఉంటుంది. ఎడమకి తిరగాలంటే బయటివైపున్న కుడికాలు ముందుకి జరుగుతుంది, ఎడమకాలు వెనక్కి పోతుంది, దాని మడమ లేచి మోకాలు కిందికి వస్తుంది. ముందు స్కీ, వెనక స్కీ కలిసి ఒకే పొడవాటి వంపు గీస్తాయి. మలుపు పూర్తవుతుండగా లేచి, కాళ్ళు మార్చి, రెండోవైపుకి కుంగుతావు. ఆల్పైన్ బూటులో కాస్త ముందుకి తూలినా కట్టేసిన మడమ ఆపుతుంది. ఇందులో ఆపేది ఏదీ లేదు, నీ తూకం నువ్వే చూసుకోవాలి. అందుకే చిన్న వాలు మీద కూడా ఒళ్ళంతా మెలకువగా ఉంటుంది. మీ ఊళ్ళో గ్రానోసెన్‌లో స్కీ జంప్ చూశానన్నావు గుర్తుందా? గాలిలోంచి దిగినవాళ్ళు ఒక కాలు ముందుకి పెట్టి మోకాళ్ళు వంచి వాలతారు కదా, దాన్నీ టెలిమార్క్ అనే అంటారు. అలా వాలకపోతే జడ్జీలు మార్కులు కోసేస్తారు.

ఈ మలుపు పుట్టిన చోటు మా టెలిమార్క్ జిల్లాయే. ఇక్కణ్ణుంచి కారులో సుమారు రెండు గంటలు పోతే మోర్గెడాల్ అనే పల్లె వస్తుంది. సోండ్రె నోర్‌హైమ్ అక్కడే 1825లో పుట్టాడు. సొంత భూమి లేదు. ఇంకొకరి పొలంలో పనిచేసి, అందుకు బదులు చిన్న చెక్క ఇంట్లో ఉండే మనిషి. అప్పట్లో స్కీకి కాలివేళ్ళ దగ్గర ఒక పట్టీ మాత్రం ఉండేది, ఎగిరి దూకితే స్కీ ఊడిపోయేది. ఈయన మెలితిప్పిన చెట్టు వేళ్ళతో, కొమ్మలతో మడమ చుట్టూ కట్టు వేశాడు. మడమ లేవడానికి లేస్తుంది, స్కీ మాత్రం ఊడదు. స్కీ నడుము దగ్గర సన్నగా చెక్కి, తేలిగ్గా తిరిగేలా చేశాడు. 1868లో క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలో జరిగిన పోటీకి వెళ్ళాడు. అప్పటికి 42 ఏళ్ళు. దాదాపు 200 కిలోమీటర్లు స్కీల మీదే వెళ్ళాడని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. వెళ్ళి గెలిచాడు. నగరం వాళ్ళు నోరు తెరుచుకు చూశారు. ఆ తరవాత అదే పల్లెకి చెందిన హెమ్మెస్ట్‌వైట్ అన్నదమ్ములు 1881లో క్రిస్టియానియాలో స్కీ బడి పెట్టి పట్నంవాళ్ళకి నేర్పారు. సోండ్రె మాత్రం 1884లో కుటుంబంతో అమెరికా వలసపోయి, కొండన్నది లేని నార్త్ డకోటా మైదానాల్లో 1897లో పోయాడు. 1952 ఓస్లో ఒలింపిక్స్‌కి జ్యోతిని మోర్గెడాల్‌లో ఆయన ఇంటి పొయ్యిలోనే వెలిగించి స్కీల మీద తీసుకెళ్ళారు.

ఇదంతా చరిత్ర పాఠంగా చెప్పడం లేదమ్మలూ. చాకిరీతో బతికే మనిషి, పని ముగిశాక ఇంటి కప్పుల మీంచి, గుట్టల మీంచి దూకుతూ, పిల్లలకి చూపిస్తూ కనిపెట్టిన ఆట ఇది. మొదట్నుంచీ ఒకరు చేస్తుంటే ఇంకొకరు చూసి నేర్చుకున్నదే. 1930ల్లో లిఫ్టులు, మడమను కిందికి లాగి పట్టే కేబుల్ బైండింగులు వచ్చాక ఆల్పైన్ పద్ధతి అంతటా పాకింది, ఈ మలుపు దాదాపు మరుగునపడింది. మళ్ళీ లేచింది 1970ల తొలినాళ్ళలో, అమెరికాలో కొలరాడో రాష్ట్రపు క్రెస్టెడ్ బ్యూట్‌లో. రిక్ బోర్కోవెక్, ఆయన స్నేహితులు కొందరు ఆల్పైన్ బాగా వచ్చినవాళ్ళే. లిఫ్టులు లేని కొండల్లోకి సన్నని నార్డిక్ స్కీలతో పోవాలనుకున్నారు. ఆ స్కీలకి మడమ కట్టు ఉండదు. దిగడానికి దారి వెతుక్కుంటే పాత నార్వే మలుపే పనికొచ్చింది. వాళ్ళని చూసి ఇంకొందరు. అలా అక్కణ్ణుంచి 1980ల్లో నార్వేకి తిరిగొచ్చింది. మా పక్కింటి తాతగారు ఇప్పటికీ నవ్వుతారు, ముత్తాతల విద్యని అమెరికావాళ్ళ దగ్గర నేర్చుకున్నామని.

ఇన్నేళ్ళలో దీని వెంటపడ్డ మనుషుల్ని గమనించాను. కొందరు ఆల్పైన్ పూర్తిగా వచ్చేసి, ఏ కొండ దిగినా ఒకేలా ఉందని విసిగినవాళ్ళు. వాళ్ళకి మడమ విప్పగానే చిన్నపిల్లలు దిగే వాలు కూడా మళ్ళీ కష్టమవుతుంది, ఆ కష్టమే రుచిస్తుంది. కొందరు అడవిదారుల్లో క్రాస్‌కంట్రీ స్కీ చేసేవాళ్ళు. వాళ్ళకి మడమ వదలడం అలవాటే, పల్లం వచ్చినప్పుడల్లా భయపడి కూలబడే బాధ తీరాలని వస్తారు. భర్త కోసం భార్య, భార్య కోసం భర్త వచ్చి, చివరికి వాళ్ళకంటే ముదిరినవాళ్ళూ ఉన్నారు. నా సంగతంటావా, నలభై దాటాక వచ్చాను. ఎరువుల ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన ఒకావిడ బో దగ్గర లిఫ్యెల్ కొండకి తీసుకెళ్ళి, "నా జాడలోనే రా" అని ముందు దిగింది. పాఠం అంతే. ఆవిడ వీపు చూస్తూ దిగాను. వీళ్ళెవరూ ప్రకటన చూసి వచ్చినవాళ్ళు కారు. ఎవరో ఒకరిని చూసి వచ్చారు, నీలాగే. అందుకని నేను చెప్పే మొదటి సలహా కూడా అదే. వీడియోలు తరవాత, ముందు మనిషిని వెతుక్కో. మీ యూనివర్సిటీ విద్యార్థుల క్రీడాసంఘంలో వాకబు చెయ్యి. ఈ దేశంలో అలాంటి చోట బిడియపడితే ఎవరూ పిలవరు. వెళ్ళి అడిగితే మాత్రం కాదనరు.

రెండోది, కొండ సంగతి. నీకు ఆల్పైన్‌లో ఇప్పుడిప్పుడే ధైర్యం వచ్చింది. టెలిమార్క్ బూట్లు వేసుకున్న రోజు ఆ ధైర్యాన్ని పక్కనపెట్టి, అన్నిటికంటే చిన్న వాలుకి వెళ్ళు. పక్కన నాలుగేళ్ళ పిల్లలు రయ్‌మని పోతుంటారు, పోనీ. మొదట వాలుకి అడ్డంగా నెమ్మదిగా పోతూ ఊరికే కుంగి లేవడం చెయ్యి. తరవాత ఒక్క మలుపు, ఆగడం. తరవాత రెండు కలపడం.

ఒంటి విషయంలో కొన్ని గుర్తుపెట్టుకో. అందరూ మొదట్లో కాళ్ళ మధ్య దూరం మరీ ఎక్కువ పెట్టి, బరువంతా ముందుకాలి మీద వేసేస్తారు. అప్పుడు వెనక స్కీ దారి తప్పి ఈడ్చుకొస్తుంది. పాదాలు దగ్గరగా ఉంచుకో, బరువు రెండింటి మీదా సగం సగం పడాలి. వెనకకాలి మునివేళ్ళతో, ముఖ్యంగా చిటికెనవేలి వైపున, మంచుని నొక్కుతున్నట్టు తెలియాలి. నడుము నిటారుగా ఉండాలి, వంగాల్సింది మోకాళ్ళు, మడమకీలు. చిన్నప్పుడు కూచిపూడి మాస్టారు నిన్ను అరమండిలో నిలబెట్టి, లేవబోతే కర్రతో తట్టేవారే, ఆ ఓర్పే ఇక్కడా కావాలి. కాళ్ళు మార్చేటప్పుడు ఒక్కసారిగా గెంతకు. మలుపు సాగుతున్నంతసేపూ మెల్లగా మారాలి. తొడలు మండితే ఆగి, కొండకేసి చూస్తూ నిలబడు. అలిసిన కాళ్ళతో ఆఖరి దిగుడు దిగబోయే దెబ్బలు తగిలించుకుంటారు.

మూడోది, డబ్బు. స్టూడెంటువి, కొత్త సామాను కొనకు. స్కీలు మామూలు ఆల్పైన్‌వే పనికొస్తాయి, వాటి మీద టెలిమార్క్ బైండింగ్ బిగిస్తారు. జాగ్రత్తగా చూడాల్సింది బూటు, బైండింగ్ జోడీ. పాతరకం బూటుకి ముందు బాతుముక్కులా చదునైన అంచు ఉంటుంది, దాన్ని 75 మిల్లీమీటర్ల రకం అంటారు. 2007లో వచ్చిన ఎన్‌టీఎన్ రకానికి ఆ ముక్కు ఉండదు. ఒకదాని బూటు రెండోదాని బైండింగులో పట్టదు. ఫిన్ సైట్‌లో పాతవి చవగ్గా కనిపించాయని ఒకదానికొకటి సరిపడనివి కొనేసుకునేవు. బూటు ముందుభాగంలో ముడతలుంటాయి, అవి సరిగ్గా నీ వేళ్ళు వంగే చోటే వంగాలి. పైకో కిందికో పడితే కాలు నలుగుతుంది. హెల్మెట్‌తో పాటు మోకాలి ప్యాడ్లు కూడా కొనుక్కో, మోకాలు మంచుకి దగ్గరగా వస్తుంది, మంచు కింద రాళ్ళుంటాయి. ఇంకొకటి, చాలా టెలిమార్క్ బైండింగులు పడినప్పుడు ఆల్పైన్‌వాటిలా వాటంతటవి ఊడవు. మెలికపడి పడితే మోకాలికి దెబ్బ. నెమ్మదిగా మొదలుపెట్టమనడానికి అదీ ఒక కారణం.

నాలుగోది గట్టిగా చెబుతున్నాను. ఈ ఆట బాగా వంటబట్టినవాళ్ళకి లిఫ్టు చాలదు. స్కీల అడుగున వెనక్కి జారనివ్వని స్కిన్‌లు అంటించుకుని, ఎవరూ తొక్కని మంచు వెతుక్కుంటూ కొండలెక్కుతారు. నీకూ ఆ రోజు వస్తుంది. అప్పుడు 30 డిగ్రీలకి మించిన వాలు కనిపిస్తే హిమపాతం గుర్తు రావాలి. వర్సోమ్ సైట్‌లో రోజూ ఒకటి నుంచి ఐదు దాకా ప్రమాదస్థాయి ఇస్తారు, అది చూడకుండా ఇల్లు కదలొద్దు. మంచులో కూరుకుపోయినవాళ్ళని వెతికి తీసే ట్రాన్సీవర్, ప్రోబ్, పార వెళ్ళే అందరి దగ్గరా ఉంటేనే వెళ్ళాలి, వాడడం కూడా అందరికీ రావాలి. మంచులో కూరుకుపోయిన మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తేనే ఆశ ఎక్కువ. రెస్క్యూ వాళ్ళు వచ్చేసరికి ఆ టైము దాటిపోతుంది, కాబట్టి నిన్ను బతికించేది పక్కనున్నవాళ్ళే. ఊడని బైండింగు హిమపాతంలో కాళ్ళని కిందికి లాగుతుందని కూడా మరిచిపోకు. నార్వేవాళ్ళ కొండ నియమాల్లో వేళకి వెనక్కి తిరగడం సిగ్గుపడాల్సిన పని కాదని ఒకటుంది. నీతో వచ్చేవాళ్ళు ఆ నియమం పాటిస్తారో లేదో చూసుకున్నాకే వాళ్ళతో వెళ్ళు. హిమపాతం గురించి నేర్పే కోర్సు చెయ్యకుండా లిఫ్టు హద్దు దాటనని నాకు మాటివ్వు. మీ నాన్నకి నేనిచ్చే హామీ కూడా అదే.

చివరగా, నీ వయసువాళ్ళకి చెప్పాల్సిన మాట. ఈ ఆట వచ్చినవాళ్ళలో కొందరికి, మడమ కట్టుకున్నవాళ్ళంటే చిన్నచూపు. నీకా గర్వం వద్దు. నువ్వు టెలిమార్క్ చేస్తావన్న సంగతి ఎవరికీ పట్టదని రాసిన స్టిక్కర్లు ఈ ఆటగాళ్ళే వేళాకోళానికి హెల్మెట్ల మీద అంటించుకుంటారు. నాకు నచ్చిన స్టిక్కరు అది. నిజంగానే ఎవరికీ పట్టదు. ప్రపంచకప్పు పోటీలున్నాయి, దూకుళ్ళు, గుండ్రంగా తిరిగే మలుపు, మలుపు సరిగ్గా వెయ్యకపోతే టైముకి కలిపే శిక్ష, అన్నీ ఉన్నాయి. ఒలింపిక్స్‌లో మాత్రం లేదు. రెజ్యూమెలో రాసుకోవడానికీ పనికిరాదు. చిన్నప్పట్నుంచీ నువ్వు నేర్చుకున్న ప్రతిదానికీ ఒక పరీక్ష, ఒక ర్యాంకు ఉన్నాయి. ఏ లెక్కలోకీ రానిది ఒక్కటైనా ఇష్టంగా నేర్చుకుని చూడు. మీ నాన్నకి ఈ మాట వినిపించక్కర్లేదు.

ఈస్టర్ సెలవులకి ఇక్కడికి వచ్చెయ్. రైల్లో ఓస్లో దాకా వస్తే మావయ్య కారు తెస్తాడు. అప్పటికి ఎండ బాగుంటుంది, పైన మంచూ ఉంటుంది. గౌస్టాటొప్పెన్ కొండ పక్కన చిన్నవాళ్ళకి నేర్పే వాలు ఉంది, అక్కడ నా పాత బూట్లతో మొదలుపెడదాం. నచ్చకపోతే ఆ సాయంత్రమే చెప్పు, మొహమాటపడకు. అత్తకి ఇష్టమైందల్లా నీకూ ఇష్టం కావాలని లేదు, మర్నాడు మావయ్యతో క్రాస్‌కంట్రీకి పోవచ్చు. నచ్చితే మాత్రం తరవాతి చలికాలం దాకా ఆగి, అప్పుడు సొంతవి కొందాం. ఈలోగా మందపాటి మేజోళ్ళు తొడుక్కుని, గోడకి మడమ ఆనించి నిలబడి, రెండు పాదాల పొడవూ సెంటీమీటర్లలో కొలిచి పంపు. నా బూట్లు నీకు పడతాయో, పక్కింట్లో అడగాలో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్త