పాతరగడ్డికి కోతవేళ

వేసవిలో చెరువులు ఎండును; గట్లపై గడ్డి మాడును. అట్టి దినములలో పాడిపశువునకు పచ్చిమేత యెక్కడనుండి వచ్చును? దూరదృష్టిగల రైతు ఈ చింతను ముందుగనే తీర్చుకొనును. అతడు పచ్చి మొక్కజొన్నపైరును కండెలతో కూడ కోసి, చిన్న ముక్కలుగా నఱికి, పాతరలో గట్టిగా త్రొక్కి, గాలి చొరకుండ కప్పిపెట్టును. దీనినే పాతరగడ్డి యందురు. ఫ్రాన్సు దేశీయుడగు ఓగుస్తు గొఫారు ఈ విధానమునుగూర్చి 1877లో ఒక గ్రంథము ప్రకటించెను.

గాలిలేని పాతరలో కొన్ని సూక్ష్మజీవులు పైరులోని చక్కెరను లాక్టికామ్లముగా మార్చును. పెరుగునకు పులుపు నిచ్చునదియు ఈ యామ్లమే. ఆ పులుపే మేతను కుళ్లనీయక కాపాడును. ఇది సక్రమముగా జరుగవలెనన్న కోతనాటికి పైరులో నూటికి 65 మొదలు 70 పాళ్లు తేమ యుండవలెను. తేమ మించినచో రసము అడుగునకు కారి, పోషకపదార్థములను కొనిపోవును. కుళ్లించు జీవులు పెరిగి దుర్గంధము పుట్టును. 60 పాళ్లకు తగ్గినచో ముక్కలు ఎంత త్రొక్కినను అణగవు; నడుమ గాలి నిలిచి, వేడి పుట్టి, బూజు పట్టును.

మఱి యా వేళను కనుగొనుట యెట్లు? కండెను నడుమకు విఱిచి గింజను చూడవలెను. గింజ పైకొననుండి పిండి గట్టిపడుచు బెండువైపు దిగును. క్రింద ఇంకను పాలుండును. రెంటి నడుమ నొక గీత కనబడును. అది గింజ సగమునకు దిగినపుడు కోతవేళ సమీపించినదని యెఱుగవలెను. కాని యిది సూచన మాత్రమే. వానలును, ఎండలును, విత్తనరకములును దీనిని తాఱుమాఱు చేయును.

తూకమే ప్రమాణము. గట్టుప్రక్క మొక్కలను విడిచి, చేనిలోపల పలుచోట్లనుండి కొన్నిటిని తెచ్చి, నఱికి, కలిపి, అందు 100 గ్రాములు తూచి, మైక్రోవేవు పొయ్యిలో మాడకుండ ఆరబెట్టవలెను. బరువు ఇక తగ్గనంతవఱకు మఱల మఱల తూచవలెను. తుదకు 28 గ్రాములు మిగిలెననుకొందము. పోయిన 72 గ్రాములును నీరే. పైరు సాధారణముగా దినమునకు అరపాలు చొప్పున ఆరును. కావున 68 పాళ్లకు దిగుటకు సుమారు 8 దినములు పట్టును. ఎండ తీవ్రమైనచో ఇంకను ముందే ఆరవచ్చును గనుక, నడుమ నొకసారి మఱల పరీక్షించుట వివేకము.

పొరుగువాడు కోయుచున్నాడని తొందరపడి కొడవలి పట్టువాడును, రేపు చూతమని జాగుచేయువాడును ఒక్కవిధముననే నష్టపోవుదురు. నెలల శ్రమకు ఫలము ఆ కొలది దినములలో నిర్ణయమగును. త్రాసు చెప్పిన మాట విన్న రైతునకు వేసవిలో మేతకై వగవవలసిన పని యుండదు.