కుందేలుకు తీపి మూలికలు పెట్టవచ్చునా?

“తీపి మూలిక ఎవ్వరికిని హాని చేయదమ్మా!”

ఈ మాట పలికినవాడను నేనే. రెండేండ్ల క్రిందట మా పొరుగింటి బాలిక తన పెంపుడు కుందేలును ఒడిలో పెట్టుకొని, “తాతగారూ, దీనికి అతిమధురం పెట్టవచ్చునా?” అని అడిగినది. కల్వములో మందు నూరుచున్న నేను తలయెత్తకయే ఇచ్చిన సమాధానమది. ఆ పిల్ల నా మాట నమ్మి, అతిమధుర చూర్ణమును తేనెతో రంగరించి, వారము దినములు ఉదయసాయంకాలములు నాకించినది. తీపికి మరిగిన కుందేలు గడ్డిని ముట్టుట మానినది. ఎనిమిదవనాటి ఉదయమున పొట్ట ఉబ్బి, పెంటికలు వేయక, మూలకు ముడుచుకొని పండ్లు నూరుచుండగా దానిని నా వద్దకు తెచ్చిరి. నేను చేయదగిన చికిత్స ఏదియు లేదు. వెంటనే పశువైద్యుని కడకు పంపితిని. మూడు దినముల చికిత్స పిమ్మట అది బ్రతికినది. ఆ పశువైద్యుడు నాకు తెలిపినదియు, పిదప నేను తెలుసుకొన్నదియు పాఠకులకు విన్నవించుట నా విధి.

మధురరసము అనగానేమి?

ఆయుర్వేదమున మధురరసమనగా చక్కెర తీపి మాత్రమే కాదు. బియ్యము, పాలు, నేయి, చివరకు గరిక కూడ మధురరస ద్రవ్యములే. మధురరసము గురువు, స్నిగ్ధము, శీతము. మితముగా సేవించినచో బలము నొసగును. మితిమీరినచో కఫమును పెంచి, అగ్నిని మందగింపజేయును. అయితే ఇదంతయు మానవ దేహమును దృష్టియందుంచుకొని చెప్పినది. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదము, గుఱ్ఱములకు శాలిహోత్రుని శాస్త్రము వేరుగా ఏర్పడినవి కదా! ప్రాణి మారినచో అగ్ని మారును. అగ్ని మారినచో పథ్యము మారును. చరకసంహితలో కుందేలు మాంసవర్గమున కనిపించును గాని, రోగిగా కనిపించదు. కనుక మనుష్యులకు చెప్పిన గుణములను దానికి యథాతథముగా అన్వయింపరాదు.

కుందేలు జీర్ణక్రియ

కుందేలు గడ్డిని జీర్ణము చేసుకొనునది జఠరములో కాదు, విశాలమైన ఉండుకములో. అచ్చటి సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి పోషక పదార్థములుగా మార్చును. అట్లు తయారైన మెత్తని, గుత్తులవంటి పెంటికలను కుందేలు తిరిగి భక్షించును. ఇది రోగము కాదు, దాని సహజ ధర్మము. తేనె, బెల్లము, పండ్లు అధికమైనచో ఆ సూక్ష్మజీవుల సమతౌల్యము చెడి, వాయువు నిండి, అతిసారమో పేగుల స్తంభనమో కలుగును. కుందేలు వాంతి చేసుకొనలేదు. లోనికి పోయిన అపథ్యము వెలికివచ్చు మార్గము లేదు. దాని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. ముందరి పండ్లు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగును. అవి అరుగుటకు గడ్డి నములుటయే ఉపాయము. అందుచేత దాని ఆహారములో నూటికి 80 పాళ్లకు తక్కువ కాకుండ గడ్డియే ఉండవలెను.

పెట్టదగినవి

1. గరిక: పచ్చిదైనను, ఎండబెట్టినదైనను శ్రేష్ఠము. పురుగుమందు చల్లిన చోట, రోడ్డు ప్రక్కన కోసినది పనికిరాదు. బూజు పట్టినది అసలే పెట్టరాదు.

2. కొత్తిమీర, పుదీనా, సోపు ఆకు, రుద్రజడ ఆకు: కడిగి, నీరు ఓడ్చి, అన్నియు కలిపి రోజునకు గుప్పెడు. క్రొత్త ఆకును ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను.

3. క్యారెట్ ఆకు మంచిదే. దుంప మాత్రము తీపి గనుక ఎప్పుడో ఒక చిన్న ముక్క చాలును.

పెట్టరానివి

1. అతిమధురము: ఇందలి గ్లైసిరైజిన్ అను పదార్థము మనుష్యులలోనే చిరకాలము అధికముగా వాడినచో రక్తపోటును పెంచి, పొటాషియమును తగ్గించును. రెండు కిలోల ప్రాణికి మన చిటికెడు పెద్ద మోతాదే యగును.

2. తేనె, బెల్లము, చ్యవనప్రాశాది లేహ్యములు: ఎంతమాత్రము వలదు.

3. మధుపత్రి, అనగా స్టీవియా: దీని తీపి చక్కెర వలన వచ్చినది కాదు. ఒక ఆకు కొరికినంత మాత్రమున భయపడ నక్కరలేదు. కాని దానివలన కుందేలుకు ప్రయోజనమును లేదు. తీపికి మరిగినచో గడ్డి మానుననునదే భయము.

4. గురివింద: దీని ఆకు నమిలినచో అతిమధురమువలె తియ్యగా నుండును. అదే తీగ గింజలో ప్రాణాంతకమైన విషమున్నది. నాలుకకు తీపియైనది దేహమునకు క్షేమమని నమ్మరాదనుటకు ఇంతకన్న నిదర్శనమేల? ఈ తీగను పిల్లలకును, పెంపుడు జంతువులకును దూరముగా నుంచుడు.

అపాయ సూచనలు

పది, పన్నెండు గంటలు కుందేలు మేత ముట్టకున్నను, పెంటికలు వేయకున్నను, పొట్ట ఉబ్బినను, పండ్లు నూరుచు ముడుచుకొని కూర్చున్నను గృహవైద్యముతో కాలయాపన చేయక పశువైద్యుని ఆశ్రయింపవలెను. ఇంటిలోనున్న మనుష్యుల మాత్రలు ఇయ్యరాదు. ముఖ్యముగా ఆమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్కులు నోటి ద్వారా ఇచ్చినచో ఉండుకములోని సూక్ష్మజీవులు నశించి, ప్రాణము మీదికి వచ్చును.

మందు ఇచ్చుటకు ముందు అది ఎవరి పొట్టలోనికి పోవుచున్నదో అడుగుమని మా గురువుగారు బోధించెడివారు. నలువది యేండ్లు అదే మాటను శిష్యులకు చెప్పిన నేను, ఆ బాలిక అడిగిననాడు మరచితిని. గురివింద గింజ తన క్రింది నలుపెరుగదన్నట్లయినది. ఆ కుందేలు ఇప్పుడు గరిక మేయుచు క్షేమముగా నున్నది. ఆ పిల్ల ఇప్పటికిని ఏ ఆకు తెచ్చినను నన్నడిగియే దానికి పెట్టుచున్నది. నేను మాత్రము కల్వము ప్రక్కన పెట్టి, ఆ ఆకును చేతిలోనికి తీసుకొని చూచిన పిమ్మటనే సమాధానము చెప్పుచున్నాను.