నీరు చేరేలోగా

మార్కాపురానికి పొరుగున ఉన్న పెద్దారవీడు మండలంలో కొండల వరుస నడుమ ఒక సందు ఉంది. దాని పక్కనున్న ఊరు సుంకేసుల. అటువంటివే మరి రెండు సందులు గొట్టిపడియ, కాకర్ల గ్రామాల దగ్గర ఉన్నాయి. ఈ మూడింటినీ కట్టలతో మూసి, కొండల మధ్య నీటిని నిలపడానికి రూపొందించినదే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టి.ఎం.సి.ల కృష్ణా వరదనీటిని కొల్లంవాగు దగ్గర మళ్ళించి, రెండు సొరంగాల గుండా ఇక్కడి నల్లమల సాగర్‌కు చేర్చాలన్నది ప్రణాళిక. ఒక్కొక్క సొరంగం పొడవు సుమారు 18.8 కిలోమీటర్లు. 1996లో శంకుస్థాపన జరిగింది. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండవదాని తవ్వకం 2024 జనవరిలో పూర్తయ్యాయి. వానకు మొగం వాచి, ఫ్లోరైడ్ నీటితో కాలం గడిపిన మెట్ట పల్లెలు ఈ నీటి కోసం ఒక తరం పాటు ఎదురుచూచాయి. జలాశయ గర్భంలోని ఊళ్ళు మాత్రం అదే నీటికి తమ చోటు ఇచ్చి కదలవలసినవి. సుంకేసుల అటువంటి ఊళ్ళలో ఒకటి.

ఈ ప్రాంతంలో చదువుకొనే నలుగురు మిత్రులు ఒక లఘుచిత్రం తీయదలచుకొంటే కథ కోసం దూరం పోనక్కరలేదు. గడువు కోసం అసలే పోనక్కరలేదు. పోటీ నిర్వాహకులు విధించే గడువు తప్పితే వచ్చే ఏడు మరల ప్రయత్నించవచ్చు. నీరు విధించే గడువు తప్పితే చిత్రించవలసిన వీధే ఉండదు.

చలనచిత్రం పుట్టుకతోనే లఘువు. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కేఫ్‌లో లూమియేర్ సోదరులు ప్రదర్శించిన పది చిత్రాలలో ఏదీ నిమిషం దాటలేదు. వారి కెమెరాలో పట్టే ఫిల్ము చుట్ట పొడవు పదిహేడు మీటర్లే. మరుసటి సంవత్సరం జులై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలులో జనం చూచిన ఆరు చిత్రాలూ ఆ కోవలోవే. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఛాయాగ్రాహకుడుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య డేరాలు వేసి ఊరూరా తిరిగి చూపినవి కూడా చిన్న చిన్న చిత్రాలే. దాదాసాహెబ్ ఫాల్కే 1912లో కుండీలో బఠానీ గింజ నాటి, అది మొలకెత్తి పెరిగే తీరును రోజూ కొద్దికొద్దిగా చిత్రీకరించి, నిమిషంపాటి బొమ్మగా కూర్చాడు. దానిని చూచి నమ్మకం కుదిరినవారు పెట్టుబడి పెట్టగా 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది. భారతదేశపు మొదటి పూర్తి నిడివి కథాచిత్రానికి ఒక బఠానీ మొక్క పూచీకత్తు పడిందన్నమాట.

తొందరలో తీసిన చిత్రాలలో ఒకటి లోకప్రసిద్ధం. 1914 ఫిబ్రవరిలో విడుదలైన ‘కిడ్ ఆటో రేసెస్ ఎట్ వెనిస్’ అనే చిత్రాన్ని కాలిఫోర్నియా తీరంలోని వెనిస్ పట్టణంలో పిల్లల బండ్ల పందెం నిజంగా జరుగుతుండగా తీశారు. వదులు ప్యాంటు, ఇరుకు కోటు, చేతికర్ర ధరించిన ఒక వ్యక్తి మాటిమాటికీ కెమెరాకు అడ్డం వస్తుంటాడు. ఆయనే చార్లీ చాప్లిన్. ఆ వేషంలో ప్రేక్షకులు ఆయనను చూచిన మొదటి చిత్రం అదే. చిత్రీకరణ ముప్పావు గంటలో ముగిసిందని చెబుతారు. అలంకరించిన రంగస్థలం లేదు, అద్దెకు తెచ్చిన జనం లేరు. పందెం చూడడానికి వచ్చినవారే తెలియకుండా పాత్రధారులయ్యారు. సమయం లేనివాడు ఉన్నదానిని వాడుకోవాలి. చాప్లిన్ బృందం చేసినది అంతే.

గడువునే ఆటగా మార్చినవారు తరువాత వచ్చారు. 2001లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ‘48 అవర్ ఫిల్మ్ ప్రాజెక్ట్’ మొదలైంది. శుక్రవారం సాయంత్రం ప్రతి బృందమూ చీటీ తీసి తన చిత్రం హాస్యమో, భయానకమో, మరొకటో తెలుసుకొంటుంది. ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక సంభాషణ వాక్యం అన్ని బృందాలకూ ఉమ్మడిగా ఇస్తారు. అవి చిత్రంలో కనిపించాలి, వినిపించాలి. ముందే తీసి పెట్టుకొన్న చిత్రాన్ని తెచ్చి ఇవ్వకుండా ఈ ఏర్పాటు. ఆదివారం సాయంత్రానికి పూర్తయిన చిత్రం నిర్వాహకుల చేతికి అందాలి. మన దేశంలో 2022 నవంబరులో గోవాలో జరిగిన 53వ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో, ఎంపికైన 75 మంది యువకళాకారులను ఐదు బృందాలుగా చేసి, 53 గంటలలో లఘుచిత్రం తీయమన్నారు. ఒకరినొకరు అంతకు ముందు ఎరుగనివారు అంత తక్కువ వ్యవధిలో కలిసి పనిచేయవలసివచ్చింది. స్నేహితులకు ఆ ఇబ్బంది లేదు. వారి ఇబ్బంది వేరు. దాని ప్రస్తావన ముందు వస్తుంది.

నలభై ఎనిమిది గంటల నియమాన్ని పెద్దారవీడుకు అన్వయించి చూడవచ్చు. శుక్రవారం సాయంత్రం కళాశాల వదలిన తరువాత నలుగురు కూర్చున్నారనుకొంటే మొదటి ప్రమాదం ఆ రాత్రే ఎదురవుతుంది. నాలుగు తలలలో నాలుగు కథలుంటాయి. ఒకడికి పోరాటాలు కావాలి, ఒకడికి పాట కావాలి. తెల్లవారేదాకా వాదించి, కన్ను మూతపడుతుండగా కథ తేల్చుకొన్న బృందం శనివారం ఉదయపు వెలుగును నిద్రలో పోగొట్టుకొంటుంది. ఎండవేళ మొగాల మీద నీడలు కరుకుగా పడతాయి. సూర్యోదయం తరువాతి గంటన్నర, అస్తమయానికి ముందరి గంటన్నర మాత్రమే వెలుగు మెత్తగా ఉంటుంది. రెండు పగళ్ళలో అటువంటి గంటలు మొత్తం ఆరు. ఆ ఆరు గంటలను లెక్కపెట్టుకొని కథ రాసుకొన్నవాడు సగం పని ముగించినట్లే.

కథ కూడా ఆ కొలతకు తగినట్లే ఉండాలి. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం రచన ఒక పుట తెర మీద ఒక నిమిషం. నాలుగు నిమిషాల చిత్రానికి నాలుగు పుటలు చాలు. ఇద్దరు పాత్రధారులు, రెండు చోట్లు, ఒక వస్తువు. ఆ వస్తువు ఇంటి తాళంచెవి కావచ్చు. మార్కాపురం పలకల గనుల నుంచి వచ్చిన రాతిపలక అయినా కావచ్చు. ఊరు ఖాళీ చేసే ఇంటి అటక మీద మనవరాలికి ఒక పాత పలక దొరికింది. దాని మీద ఎవరో నేర్చుకొన్న అక్షరాల గీతలు చెరగకుండా ఉన్నాయి. అవి ఎవరి గీతలని ఆమె తాతను అడుగుతుంది. నాలుగు నిమిషాలకు ఇంతకు మించిన కథ బరువవుతుంది.

చిత్రీకరణలో కొత్తవారు పోగొట్టుకొనేది తరచుగా బొమ్మను కాదు, శబ్దాన్ని. చేతిలోని ఫోను బొమ్మను చక్కగానే పడుతుంది. మాటను మాత్రం పది అడుగుల దూరం నుంచి తీసుకొంటే, కొండ సందులోంచి వచ్చే గాలి దానిని మింగివేస్తుంది. రెండవ ఫోనును పాత్రధారి చొక్కా జేబులో పెట్టి, దాని మైకుకు పలుచని గుడ్డ చుట్టి, మాటను విడిగా గ్రహించడం సులభమైన ఉపాయం. ప్రతి షాటు మొదట్లో కెమెరా ముందు గట్టిగా చప్పట్లు కొడితే, కూర్పు సమయంలో బొమ్మనూ శబ్దాన్నీ ఆ చప్పుడు దగ్గర జతపరచవచ్చు. పెద్ద చిత్రాలలో క్లాప్ పలక చేసే పని అదే. మరొకటి: చిత్రీకరణ ముగిసిన ప్రతి చోటా అందరూ కదలకుండా నిలబడి, అర నిమిషం పాటు ఆ చోటి నిశ్శబ్దాన్ని గ్రహించాలి. నిశ్శబ్దం అన్ని చోట్లా ఒకటి కాదు. వేపచెట్టు కింద ఒక రకంగా, పైకప్పు తీసిన ఇంట్లో మరొక రకంగా వినిపిస్తుంది. సంభాషణల నడుమ ఖాళీలను దానితో నింపకపోతే ప్రేక్షకుడికి మాట మాటకూ తెగినట్లు తోస్తుంది.

తాతగా నటించేవారు దొరకడం పెద్ద పని కాదు. ఊరిలో అరుగుమీద కూర్చున్నవారిలో ఎవరినైనా అడగవచ్చు. కాని కెమెరా తీయడానికి ముందే అడగాలి. “మా ఇల్లు బొమ్మ తీసి ఏం జేస్తారు నాయనా?” అని ఆయన అడిగితే, బహుమతి కోసమని చెప్పడానికి నోరు రాదు. పరిహారం, పునరావాసం అనే మాటలు ఆయనకు ఏళ్ళ తరబడి కాగితాలుగా తెలిసినవి. కెమెరా పట్టుకొని వచ్చినవారి చేత ఆయన ఏదైనా మేలు ఆశించవచ్చు కూడా. చిత్రం ఆయన పరిహారాన్ని పెంచదని, ఇల్లు ఎలా ఉండేదో చూపగలదని తిన్నగా చెప్పడమే మర్యాద. “వద్దులే నాయనా” అంటే కెమెరా మూయాలి. గడువు ఎంత తరుముతున్నా ఈ ఒక్క చోట తొందర పనికిరాదు. ఒప్పుకొంటే ఆయన మాటను ఆయన యాసలోనే ఉండనీయాలి. పుస్తకభాషలోకి దిద్ది చెప్పించిన వాక్యం తెర మీద పాఠం అప్పజెప్పినట్లు ఉంటుంది.

ముంపుకు ముందు పరుగుతీసినవారు ఇతర చోట్లా ఉన్నారు. కృష్ణానది మీద నాగార్జునసాగర్ ఆనకట్ట నిర్మాణం తలపెట్టినప్పుడు, లోయలోని నాగార్జునకొండ మునిగిపోతుందని తేలింది. 1954 నుంచి 1960 వరకు భారత పురావస్తుశాఖ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో ఆ లోయను తవ్వింది. ఇక్ష్వాకుల కాలపు విహారాలు, స్తూపాలు, మెట్ల వరుసలతో కట్టిన క్రీడారంగం బయటపడ్డాయి. కొన్నింటిని విప్పి, కొండ మీద తిరిగి నిలిపారు. ఆ కొండే నేడు దీవి. చైనాలో యాంగ్జీ నది మీది త్రీ గోర్జెస్ ఆనకట్ట వలన మునుగుతున్న ఫెంగ్జియే పట్టణానికి దర్శకుడు జియా ఝాంగ్‌కే ఒక చిత్రకారుడి మీద డాక్యుమెంటరీ తీయడానికి వెళ్ళాడు. కళ్ళ ముందే కూలుతున్న ఇళ్ళను చూచి అక్కడే ఒక కథాచిత్రం కూడా తీశాడు. ‘స్టిల్ లైఫ్’ అనే ఆ చిత్రానికి 2006 వెనిస్ చలనచిత్రోత్సవంలో స్వర్ణ సింహం లభించింది. ఇటలీలోని వెనిస్ వేరు, చాప్లిన్ కెమెరాకు అడ్డం వచ్చిన వెనిస్ వేరు, విద్యార్థులు పొరపడకూడదు.

తెలుగులో లఘుచిత్రం నుంచి వెండితెరకు నడిచినవారు కొద్దిమంది కారు. తరుణ్ భాస్కర్ ‘సైన్మా’ వంటి లఘుచిత్రాల తరువాత 2016లో ‘పెళ్ళిచూపులు’ తీసి జాతీయ పురస్కారం అందుకొన్నాడు. లఘుచిత్రాలలో చెయ్యి తిరిగిన సందీప్ రాజ్ దర్శకత్వంలో, అదే దారిన వచ్చిన సుహాస్ కథానాయకుడుగా 2020లో ‘కలర్ ఫోటో’ వచ్చింది. దానికీ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది. ఈ పేర్లను చూచి ప్రతి కళాశాలలోనూ ఒక దర్శకుడు తయారవుతాడని అనుకోవడం అమాయకత్వం. తీసిన చిత్రాలలో అధికభాగం స్నేహితులే చూస్తారు. అందులో సిగ్గుపడవలసినది లేదు.

స్నేహితుల ఇబ్బంది అన్నది ఇదే: వారిలో ఎవరూ ఎవరి మాటా వినరు. అపరిచితులు దర్శకుడి మాటకు తలవంచుతారు. స్నేహితుడు మాత్రం “నువ్వెవడివిరా చెప్పడానికి” అంటాడు. అందుచేత మొదటి రాత్రే పనులు పంచుకోవాలి. దర్శకుడు ఒక్కడే. ఛాయాగ్రహణం ఒకరిది, శబ్దం ఒకరిది. నాలుగవవాడు గడియారం చూస్తూ, బ్యాటరీలు మార్చుతూ, ఏ షాటు తీశారో ఏది మిగిలిందో పుస్తకంలో రాస్తూ ఉండాలి. ఈ నాలుగవ పనికి ఎవరూ ముందుకు రారు. చిత్రం పూర్తి కావడం మాత్రం తరచు వాడి పుణ్యమే. తాత చేతిలో పలక మొదటి షాటులో కుడిచేతిలోను, రెండవ షాటులో ఎడమచేతిలోను ఉంటే పట్టుకొనేవాడు వాడే.

కూర్పు దగ్గర మరల తగవు వస్తుంది. శనివారం సాయంకాలం ఎర్రని వెలుగులో కొండ సందును తీసిన షాటు ఛాయాగ్రాహకుడికి ప్రాణం. అది ఇరవై సెకండ్లుంటే కథ నిలిచిపోతుంది, ఐదు సెకండ్లు చాలునని దర్శకుడు అంటాడు. మొదట మొత్తం చిత్రాన్ని ముతకగా జతపరచి, ఆపకుండా ఒకసారి చూచిన తరువాతనే ఇటువంటి బేరాలు పెట్టుకోవాలి. ఆదివారం మధ్యాహ్నానికి ముతక కూర్పు, మూడు గంటలకు శబ్దం, నాలుగింటికి పేర్లు. పేర్లలో తాత పేరు, ఇంటివారి పేరు, మంచినీళ్ళిచ్చినవారి పేరు అక్షరదోషం లేకుండా ఉండాలి. పూర్తయిన చిత్రం ఒకే ఫైలుగా తయారు కావడానికి కంప్యూటరు చాలాసేపు తీసుకొంటుంది. సరిగా అప్పుడే కరెంటు పోవడం ఆ వైపు ఊళ్ళకు కొత్త కాదు. గడువుకు గంట ముందే ఆ పని మొదలుపెట్టి, రెండు చోట్ల నకళ్ళు దాచుకొంటారు.

పోటీకి పంపిన నాలుగు నిమిషాలు పోగా మిగిలిన గంటల కొద్దీ దృశ్యం ఫోనులోనే ఉంటుంది. చోటు చాలక దానిని తుడిచివేయడం సాధారణంగా జరిగే పని. సుంకేసుల వంటి ఊరిలో తీసినప్పుడు అలా చేయకూడదు. తెగిన షాట్లలో వీధి మలుపు ఉంది, గుడి అరుగు ఉంది, ఎవరో ఎవరినో కేకవేసి పిలిచిన గొంతు ఉంది, పైకప్పు తీసిన ఇంటిలో గ్రహించిన అర నిమిషం నిశ్శబ్దం ఉంది. పునరావాస కాలనీకి తరలిన తాత ఇంటికి ఆ నకలును తీసుకొనిపోయి ఇవ్వడం ఆ బృందానికి మిగిలిన చివరి పని. దానికి నలభై ఎనిమిది గంటల గడువు లేదు.